పుట్ అప్ విత్ అంటే

బొరుగుల ఉగ్గానిలో ఆవగింజ అనుకుని చంద్రిక నమిలింది. పంటి కింద అది టప్పున పగల్లేదు, మెత్తగా చితికింది. నాలుక మీద ఏదో చేదు పాకింది. వేలు పెట్టి బయటికి తీసి చూస్తే సగం ఈగ. మిగతా సగం ఏమైందో ఆలోచించేలోపే ఆమె పెరట్లో తొట్టి దగ్గరికి పరిగెత్తింది.

అత్త హనుమంతమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, వీపు నిమిరింది.

"ఈగే గదమ్మే. ఇంత కక్కుకునే పని ఏముండాది? పుక్కిలించు" అంది.

అని గడప దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తన కాఫీ గ్లాసులో ఈదుతున్న ఈగను చూపుడువేలితో తీసి గోడకు విదిలించి, మిగిలిన కాఫీ తాగింది. అది చూసి చంద్రిక మళ్ళీ తొట్టి మీదికి వంగింది.

నక్కలగుట్టపల్లెకు ఈగలు కొత్త కాదు. బత్తలపల్లె నుంచి తొమ్మిది కిలోమీటర్లు లోపలికి వస్తే ఊరు. ఊరికి పడమట అర కిలోమీటరు దూరంలో రాఘవేంద్ర కోళ్ళఫారం. అందులో లక్షకు పైగా గుడ్ల కోళ్ళు, పొడుగాటి షెడ్లో, వరసకు వరస ఇనుప గూళ్ళలో ఉంటాయి. వాటి పెంట కిందికి రాలి నడుము ఎత్తు కుప్పలు పడుతుంది. ఈ నేల మీద ఎండలే ఎక్కువ కాబట్టి ఏడాదిలో చాలా నెలలు ఆ పెంట ఎండి పొడయ్యేది. లారీలు వచ్చి ఎత్తుకుపోయేవి. ఊరు ఎలాగో నెట్టుకొచ్చేది.

ఆ ఏడు సెప్టెంబరులో నాలుగు రోజులు వరసగా వాన పడింది. శెనక్కాయ వేసినవాళ్ళు సంతోషపడ్డారు. వారం తిరక్కముందే షెడ్డు కింద పెంట బురదైంది, బురద పురుగైంది, పురుగు ఈగలై ఊరి మీదికి లేచింది.

అప్పట్నుంచి ఊళ్ళో ఏ వస్తువూ దాని రంగులో కనపడలేదు. బట్టలారేసిన తీగ నల్లతాడులా ఉండేది. సున్నం గోడలు మచ్చలు పడ్డాయి. బర్రెల పొదుగుల మీద, పసిపిల్లల కళ్ళ చివర్లలో, అరటిపండు కోసిన కత్తి మీద ఈగలే. జనం దోమతెర కట్టుకుని అందులో కూర్చుని పగటి అన్నం తినేవాళ్ళు. జిగురు రాసిన అట్టలు కొనుక్కొచ్చి పొయ్యి పక్కన పెడితే మధ్యాహ్నానికల్లా అట్ట కనపడేది కాదు. దాని మీద చచ్చినవి చావగా, చావనివి కాళ్ళు కొట్టుకుంటూ సన్నగా రొద చేసేవి. ఆ అట్టను మడిచి పారేయడం చంద్రిక వల్ల అయ్యేది కాదు. అత్తే మడిచేది.

చంద్రిక ధర్మవరం నేతగాళ్ళ ఇంటి పిల్ల. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, టీచరు పరీక్ష రాసి, మొగుడి ఊరి హైస్కూల్లోనే పోస్టింగు తెచ్చుకుంది. మొగుడు శశికుమార్‌కు అయిదెకరాల మెట్ట ఉంది. బోరు ఎండిపోయాక సేద్యం వదిలేసి మూడేళ్ళుగా రాఘవేంద్ర ఫారంలో సూపర్వైజరుగా చేస్తున్నాడు. అతను ఇంటికి వచ్చేసరికి చొక్కాకు, జుట్టుకు, అరచేతులకు కోళ్ళ పెంట ఘాటు పట్టి ఉండేది. ఆ బట్టలను చంద్రిక వేరే బకెట్లో నానబెట్టేది. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఈగను కక్కుకున్న మర్నాడు, ఆదివారం పొద్దున, రాఘవేంద్ర వాళ్ళింటికి వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి. అతను గొంతు పెంచి మాట్లాడగా ఊళ్ళో ఎవరూ వినలేదు. బడికి ఫ్యాన్లు వేయించింది, మంచినీళ్ళ మిషను పెట్టించింది అతనే. కుర్చీలో కూర్చుని, సంచిలోంచి కాగితాలు తీసి, వాటి మీద వాలిన ఈగలను చేతిరుమాలుతో తోలాడు.

"మేడమ్, రెండో షెడ్డు వేస్తాండాము. ఊరి ఒప్పుదల కావాలంటాండారు. బెంగుళూరు కన్సల్టెంటు ఇంగ్లీషులో రాసి పంపినాడు. మనోళ్ళకు అర్థమయ్యేట్ల తెలుగులో రాసియ్యండి. పద్దెనిమిదో తేదీ గ్రామసభ" అన్నాడు.

నాలుగు పేజీలు. చంద్రిక చదువుకుంటూ, తెలుగులో రాసుకుంటూ పోయింది. ఏడో పేరా దగ్గర ఆగింది. షెడ్డు చుట్టుపక్కల నివాసులు ఆయా కాలాల్లో కలిగే ఇబ్బందులను 'పుట్ అప్ విత్' చేసుకుంటారని అక్కడ ఉంది. కంపెనీలవాళ్ళు అలాంటి చోట నున్నటి మాట ఏదో వాడతారు. ఆ కన్సల్టెంటుకు ఎందుకో ఇదే తోచింది.

"దీన్నెట్ల రాయాల అన్నా?" అంది చంద్రిక.

రాఘవేంద్ర కాగితం వైపు చూడకుండానే, "సహకరిస్తాము అని రాయండి మేడమ్. మర్యాదగా ఉంటాది" అన్నాడు.

శశికుమార్ తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. చంద్రిక పెన్ను ఒక నిమిషం కాగితం మీద అలాగే నిలిచింది. బడిలో పిల్లలు తాగుతున్నది ఆయన మిషను నీళ్ళు. ఇంట్లో ఉడుకుతున్న బియ్యంలో సగం ఆయన ఇచ్చే జీతం. పైగా ఇంత చిన్న మాట కోసం ఇంటికి వచ్చిన పెద్దమనిషితో వాదం ఏమిటనిపించింది. 'సహకరిస్తాము' అని రాసి, మిగతాదీ పూర్తి చేసింది. రాఘవేంద్ర చదువుకుని, బాగుందని తలూపి, మూత పెట్టి ఇచ్చిన కాఫీ మూత తీయకుండానే లేచి వెళ్ళిపోయాడు. తన షెడ్డు ఉన్న ఊళ్ళో అతను ఏమీ తాగడని చంద్రికకు అప్పుడు తట్టింది.

రెండు రోజులు ఆ మాట ఆమెను వదల్లేదు. నిఘంటువు తీసి చూసింది. ఫోన్లో వెతికింది. మంగళవారం పదో తరగతికి ఫ్రేజల్ వెర్బుల పాఠం చెప్పాల్సి వచ్చింది. పుస్తకంలోని పట్టికలో ఆ మాట కూడా ఉంది.

"పుట్ అంటే పెట్టు. అప్ అంటే పైకి. విత్ అంటే తో. మూడూ కలిపితే ఏమొస్తాది?" అని అడిగింది.

"పైకి పెట్టుతో" అన్నారు ఎవరో వెనక నుంచి. పిల్లలు నవ్వారు. ఆ నెలలో నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం వాళ్ళకు అలవాటైపోయింది.

"చూసినారా, ముక్కలు విప్పితే అర్థం దొరకదు. మూడూ కలిసి ఒకే మాట. భరించడం, ఓర్చుకోవడం అని అర్థం."

ముందు బెంచీలో లహరి లేచింది. బక్కగా ఉంటుంది, ప్రశ్నలు ఎక్కువ. "అట్లయితే ఆ అర్థం యాడ నుంచి వచ్చింది మేడమ్?"

మామూలుగా అయితే చంద్రిక బట్టీ కొట్టమనేది. ఈసారి చాక్‌పీసు కింద పెట్టింది.

"పాత ఇంగ్లీషులో పుట్ అప్ అంటే తీసి లోపల పెట్టేసుకోవడం. దూసిన కత్తిని మళ్ళీ ఒరలో పెడితే పుట్ అప్ అనేవాళ్ళు. వస్తువును సంచిలోనో జేబులోనో వేసుకున్నా అదే మాట. ఒకడు ఇంకొకణ్ణి నలుగురిలో అవమానం చేసినాడనుకో. వాడు తిరగబడకుండా ఊరుకుంటే, ఆ అవమానాన్ని కూడా జేబులో వేసుకున్నాడని చెప్పుకున్నారు. విత్ అనేది చానా కాలానికి వచ్చి అతుక్కుంది."

లహరి ఆలోచించి, "మనం కడుపులో పెట్టుకుంటాం గద మేడమ్. మా అవ్వ దిగమింగుకున్నా అంటాది" అంది.

"అవును. వాళ్ళకు జేబు, మనకు కడుపు. ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. మంచిదాన్ని ఎవరూ పుట్ అప్ విత్ అనరు. చల్లగాలిని అనరు, పాయసాన్ని అనరు. రోత పుట్టించేది, నొప్పి పెట్టేది అయితేనే ఈ మాట పడతాది. అంటే ఈ మాట రాసినవాడు అవతల ఉండేది చెడ్డదని ముందే ఒప్పుకున్నట్టు."

ఆ చివరి ముక్క తన నోటి నుంచి వచ్చాక చంద్రికకు ఏడో పేరా గుర్తొచ్చింది. తర్వాత, తలా రెండు వాక్యాలు రాయమని చెప్పి కుర్చీలో కూర్చుంది.

నోటుబుక్కులు ఇంటికి తెచ్చుకుని సాయంత్రం దిద్దింది. ఎక్కువమంది తమ్ముడి అల్లరిని భరిస్తున్నామని, కరెంటు కోతను భరిస్తున్నామని రాశారు. లహరి రెండు వాక్యాలూ తప్పు లేకుండా రాసింది. చంద్రిక ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, పక్కన 'గుడ్' అని రాసి, పేజీ తిప్పబోతూ ఆగింది. తాను దిద్దింది వ్యాకరణం మాత్రమే. అక్కడ ఏముందో ఇప్పుడు చదివింది.

'మా తాత కాలిలో పురుగులు ఉన్నాయి. ఆయన వాటిని భరిస్తున్నాడు.'

దాని పక్కన తన చేతిరాతతో ఎర్రటి 'గుడ్'.

లహరి తాత జయరాముడి ఇల్లు రెండు వీధుల అవతల. చీకటి పడకముందే చంద్రిక వెళ్ళింది. గుమ్మం దాటకముందే వాసన కొట్టింది. కోళ్ళ పెంట వాసనకు ఊరంతా ముక్కు అలవాటు పడింది. ఇది వేరే వాసన. టర్పెంటైను, దాని కింద తీపిగా కుళ్ళిన మాంసం.

జయరాముడు నులక మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. డెబ్భై దాటిన రైతు. ఆయన నాలుగెకరాలు ఫారం కంచెను ఆనుకునే ఉన్నాయి. షుగరు మనిషి. శెనక్కాయలో కలుపు తీస్తుంటే తుమ్మముల్లు గుచ్చుకుని మడమ పుండైంది. పుండు మీద గుడ్డ కట్టారు, గుడ్డ మీద దోమతెర ముక్క కట్టారు. అయినా ఈగ దూరింది. గుడ్లు పెట్టింది.

భార్య తిమ్మక్క మంచం కింద పళ్ళెం పెట్టుకుని కట్టు విప్పుతోంది. చంద్రికను చూసి, "బయట కూర్చోమ్మా. నువ్వు చూడలేవు" అంది.

చంద్రిక కూర్చోలేదు. చూసింది. అన్నం మెతుకుల్లా తెల్లగా ఉన్నాయి. మెతుకులైతే కదలవు. తిమ్మక్క టర్పెంటైను చుక్కలు వేసి, అవి పైకి తేలగానే పిన్నీసుతో ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో వేసింది. ఆ పనిలో ఆమె ముఖం బియ్యంలో రాళ్ళు ఏరేటప్పటి ముఖంలాగే ఉంది. చంద్రిక గోడను గట్టిగా పట్టుకుంది.

"ఆసుపత్రికి పోయినారా?"

"పోయినాం. కడిగి కట్టు కట్టినారు. ఈగలు లేని చోట పెట్టుకోమన్నారు" అన్నాడు జయరాముడు. "ఈగలు లేని చోటు ఈ ఊళ్ళో యాడుండాది చెప్పు టీచరమ్మా. చచ్చినాక పురుగులు పడతాయని ఇన్నాము. నాకు బతికుండంగానే పట్టినాయి. రాత్రిళ్ళు తెలుస్తాది, లోపల మెసుల్తాంటే."

"పద్దెనిమిదో తేదీ సభ ఉండాది. అక్కడ చెప్పండి ఈ సంగతి" అంది చంద్రిక.

"ఏం చెప్పేది? ముందే ఏలిముద్ర ఏసిచ్చినా. రాఘవేంద్ర మనిషి నిన్న కాగితం తెచ్చినాడు. ఏమప్పా రాసినారు దీంట్లో అంటే, సహకరిస్తామని రాసినాము తాతా అన్నాడు. సహకారం అంటే ఏముండాదిలే, పక్క చేనోళ్ళం, ఎప్పుడూ చేసుకునేదే గదా అని ఏసినా."

తిమ్మక్క పిన్నీసును గుడ్డకు తుడిచి ఇంకో చుక్క వేసింది. చంద్రిక వస్తానని కూడా చెప్పకుండా బయటికి వచ్చేసింది. వీధి మలుపులో కంచె పట్టుకుని వంగింది. కడుపులో ఏమీ లేదు, పసరు వచ్చింది. ఈసారి ఆమెకు రోత పుట్టింది పురుగుల మీద కాదు. తన చక్కటి చేతిరాత మీద.

శశికుమార్ ఫారం నుంచి వచ్చి, రెండు రకాల సబ్బులతో స్నానం చేసి, పెరట్లో బండ మీద కూర్చున్నాడు. ఆమె అంతా చెప్పింది.

"నువ్వు రాసింది తప్పా?" అన్నాడు చివరికి.

"తప్పు కాదు. అబద్ధం."

"సభలో చెప్తే నా పని పోతాది. అది తెలుసు గదా నీకు."

"తెలుసు."

"ఇంకేం పని దొరుకుతాది ఇక్కడ? బోరులో నీళ్ళొస్తాయా?"

"నేను నిన్ను అడగడానికి వచ్చినా. చెప్పడానికి కాదు" అంది చంద్రిక.

అతను అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. "చచ్చిన కోళ్ళను సున్నం ఏసి పూడ్చాల. రోజుకు ముప్పై నలభై చస్తాయి. సున్నం తెప్పించరు. మూడు నెలలుగా ఊరికే గుంతలో పారేస్తాండాము. పారేయించేది నేనే. కాగితంలో మాత్రం సున్నం ఏసినట్టు సంతకం పెడతాండా" అన్నాడు. "నువ్వు ఒక మాటే రాసినావు. నేను రోజూ రాస్తాండా."

ఆమె అతని వైపు చూసింది. మూడేళ్ళలో మొదటిసారి అతను ఆ వాసన గురించి మాట్లాడాడు.

"నీకు తోచినట్టు చెయ్యి. నేను వద్దనను. చెయ్యమని కూడా అనలేను" అని లేచి లోపలికి వెళ్ళాడు.

పద్దెనిమిదో తేదీ పదకొండు గంటలకు బడి వరండాలో సభ పెట్టారు. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. కళ్ళద్దాల మనిషి, తక్కువ మాట్లాడేవాడు. రాఘవేంద్ర అందరికీ పూర్ణం పెట్టిన ఓళిగలు చేయించాడు. అధికారి ముందు విస్తట్లో వేడి ఓళిగ వేసి నెయ్యి పోశారు. వడ్డించిన చెయ్యి వెనక్కి పోకముందే ఓళిగ నల్లబడింది. నేతిలో పడినవి రెక్కలు అతుక్కుని గిరగిరా తిరిగాయి. అధికారి చేత్తో ఒకసారి తోలాడు. రెండోసారి తోలాడు. మూడోసారి విస్తరిని మెల్లగా పక్కకు జరిపాడు.

"వానలు గద సార్, నాలుగు దినాలు ఉంటాయి" అన్నాడు రాఘవేంద్ర. "శశీ, ఆ ఫ్యాను ఇటు తిప్పు."

శశికుమార్ ఫ్యాను తిప్పాడు.

కాగితం చదివారు. ఏడో పేరా వచ్చేసరికి 'సహకరిస్తాము' అనే మాట వరండాలో ఎవరికీ తగలకుండా వెళ్ళిపోయింది. జనం తలలూపారు. అధికారి ఇంగ్లీషు ప్రతిని, తెలుగు ప్రతిని పక్కపక్కన పెట్టుకుని, "తెలుగు ఎవరు చేశారు?" అని అడిగాడు.

"మా ఇంగ్లీషు మేడమ్" అన్నాడు రాఘవేంద్ర.

చంద్రిక లేచింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగంమంది పిల్లలకు ఆమె పాఠం చెప్పింది.

"నేనే రాసినా సార్. ఏడో పేరాలో ఒక మాట అబద్ధం రాసినా. దిద్దుకుంటాను."

"ఏ మాట?"

"సహకరిస్తాము అనేది. ఇంగ్లీషులో అట్ల లేదు. పుట్ అప్ విత్ అని ఉండాది."

రాఘవేంద్ర నవ్వాడు. "మేడమ్, ఇంగ్లీషు పాఠం బళ్ళో చెప్పుకోండి. ఇది సభ."

"ఇది కూడా బడే గదన్నా. రవ్వంత ఆగు, చెప్పనీ" అన్నాడు ఎవరో స్తంభం దగ్గర నుంచి.

చంద్రిక జనం వైపు తిరిగింది. "సహకరించడమంటే ఇష్టపడి చెయ్యి కలపడం. ఇది అది కాదు. రోత పుట్టినా నోరు మూసుకుని ఓర్చుకోవడాన్ని పుట్ అప్ విత్ అంటారు. మన మాటలో చెప్పాలంటే దిగమింగుకుంటాము అని. ఈ కాగితం మీద సంతకం పెడితే, ఈ ఈగలనూ, ఈ వాసననూ, రేపు రెండో షెడ్డు నుంచి వచ్చేదాన్ని కూడా దిగమింగుకుంటామని మీరు రాసిచ్చినట్టు. ఈ మాట మంచిదానికి వాడరు. అవతల ఉండేది చెడ్డదని రాసినవాళ్ళకు తెలుసు. తెలిసే రాసినారు. నాకూ తెలుసు. తెలిసే దాచినా."

వెనక వరసలో ఒక ఆడమనిషి లేచింది. చూస్తే హనుమంతమ్మ.

"సారూ, మా కొడుకు ఆ ఫారంలోనే పని చేస్తాండాడు" అంది అధికారితో. "మేము ఆ దుడ్లతోనే తింటాండాము. అందుకే ఇన్ని దినాలు నోరెత్తలేదు. మీరు ఒక ఓళిగ తినలేక పక్కన పెట్టినారు. మేము మూడు పూటలా ఇదే తింటాండాము. మా కోడలు తిన్నది కక్కుతాంటే, ఈగే గద అని నేనే అన్యా. కక్కడమే సరి అని ఇప్పుడు తెలిసింది నాకు. నేను ఏలిముద్ర వెయ్యను."

"అత్తా, నువ్వు కూర్చో" అన్నాడు రాఘవేంద్ర. గొంతు మెత్తగానే ఉంది.

"కూర్చుంటా. ఏలిముద్ర మాత్రం వెయ్యను."

తిమ్మక్క లేచి, తన మొగుడు నిన్నమొన్న వేసిన వేలిముద్రను కొట్టేయమంది. ఎందుకని అధికారి అడిగితే, కాలిలో పురుగుల సంగతి చెప్పింది. ఏడవలేదు. పిన్నీసుతో ఎన్ని తీసిందో, ఏ రోజు ఎన్ని తీసిందో చెప్పింది. అధికారి రాసుకుంటున్న పెన్ను ఆపి, నీళ్ళ సీసా తీసి, తాగకుండా మళ్ళీ కింద పెట్టాడు.

ఆ రోజు ఎవరూ సంతకాలు చేయలేదు. ముందే చేసినవాళ్ళలో పదిహేడుమంది వెనక్కి తీసుకున్నారు. అధికారి షెడ్డు చూస్తానన్నాడు. పెంట కుప్పల దాకా వెళ్ళి, కోళ్ళ గుంత ఎక్కడని అడిగాడు. అందరూ రాఘవేంద్ర వైపు చూశారు. రాఘవేంద్ర శశికుమార్ వైపు చూశాడు. శశికుమార్ ముందు నడిచి దారి చూపించాడు. గుంత అంచున నిలబడిన వాళ్ళెవరూ అర నిమిషం మించి ఉండలేకపోయారు. పైపొర ఈకల కింద మొత్తం గుంత ఒక్క ప్రాణిలా మెల్లగా కదులుతోంది.

మర్నాటి నుంచి శశికుమార్‌ను పనికి రావద్దన్నారు. తిట్టలేదు, కొట్టలేదు. గేటు దగ్గర కాపలావాడు, "అన్న వద్దన్నాడప్పా" అన్నాడు, అంతే. నెల రోజులు ఖాళీగా ఉండి, తర్వాత ధర్మవరంలో చంద్రిక అన్న దగ్గర పట్టుదారానికి రంగులేసే పనికి వెళ్ళాడు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వస్తున్నాడు. ఇప్పుడు అతని చేతులకు రంగు ఉంటోంది. పండగనాడు కూడా పోదు.

రెండో షెడ్డుకు అనుమతి రాలేదు. ఉన్న షెడ్డుకు నోటీసు వచ్చింది. రాఘవేంద్ర పెంట ఎత్తించి, సున్నం చల్లించి, గుంత పూడ్పించాడు. నవంబరు ఆఖరుకు ఈగలు సగానికి తగ్గాయి. పూర్తిగా పోలేదు. బడిలో నీళ్ళ మిషను చెడిపోతే బాగు చేయడానికి ఎవరూ రాలేదు. అందుకు ఊళ్ళో కొందరు చంద్రికను అనుకున్నారు. మనకేం పోయింది, పెద్దోళ్ళతో ఎందుకు పెట్టుకోవాల అని ఆమెకు వినపడేలాగే అన్నారు. రాఘవేంద్ర ఎదురుపడితే మునుపటిలాగే, "బాగుండారా మేడమ్" అంటాడు. ఆ మర్యాద విన్నప్పుడల్లా ఆమెకు ఒంటి మీద ఏదో వాలినట్టుంటుంది.

జయరాముడి కాలికి పుండు పాకిన రెండు వేళ్ళు, మడమలో కొంత కండ తీసేశారు. ఆసుపత్రి నుంచి ఆయన ఇంటికి వచ్చిన నాలుగో రోజు చంద్రిక వెళ్ళింది. కొత్త కట్టు తెల్లగా ఉంది. ఆయన ఎండలో మంచం వేయించుకుని పడుకున్నాడు. ఆమె పక్కన నిలబడి, చెప్పాలనుకున్నది చెప్పింది.

"ఆ కాగితంలో సహకరిస్తామని రాసింది నేనే తాతా. మీరు ఏలిముద్ర వేసింది నా మాట మీదనే."

"తెలుసు" అన్నాడు జయరాముడు. "ఏలిముద్ర ఏయించుకున్న పొద్దే చెప్పినాడు వాడు. మేడమే రాసిచ్చింది, అనుమానం వద్దు అని."

"మర్నాడు నేను వచ్చినప్పుడు అనలేదే?"

"ఏమనేది? పురుగులు చూసి నీ మొగం పాలిపోయింది. నీకు తెలిసినట్టే ఉండాది అనుకున్యా."

చంద్రిక తల దించుకుంది. క్షమించమని అడగబోయింది. ఆయన చెయ్యి అడ్డం ఊపాడు.

"వద్దులేమ్మా. నువ్వు అడిగితే నేను సరే అనాల. సరే అనేంత మంచితనం నాకు ఇప్పుడు లేదు. నొప్పి ఉండాది" అన్నాడు. తర్వాత లోపలికి చూస్తూ, "లహరీ, మేడమ్‌కు పీట ఎయ్యి" అని కేక వేశాడు.

లహరి పీట తెచ్చి వేసింది. చంద్రిక కూర్చుంది. ఎండ తగ్గేదాకా ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఆయన కాలు నొప్పిగా ఉందన్నప్పుడల్లా లహరి దిండు సర్దింది. చంద్రిక విసనకర్ర తీసుకుని, కట్టు మీద ఏదీ వాలకుండా విసురుతూ కూర్చుంది.